కృప ఉచితమే, లెక్క మాఫీ కాదు

మన సంఘాల్లో ఒక మాట అరిగిపోయిన బిళ్లలాగా చేతులు మారుతోంది. ‘మనమంతా పాపులమే గదా, ఎవర్ని ఎవరు అడుగుతాం?’ కానుకల లెక్క అడిగితే ఇదే మాట. మిషన్ స్థలం ఎవరికి, ఎంతకు రాసిచ్చారని అడిగితే ఇదే మాట. బిడ్డకు జరిగిన అన్యాయం చెప్పుకోవడానికి ఒక తల్లి వచ్చి పెద్దల ముందు నిలబడినా ఇదే మాట. ఆఖరికి ‘దేవుడు కృపగలవాడు, ప్రార్థనలో పెట్టమ్మా’ అని ఆమె చేతనే ఆమెన్ అనిపించి ఇంటికి పంపిస్తారు.

నేను అడిగేది ఒకటే. ఈ కృప ఎప్పుడూ కుర్చీలో కూర్చున్నవాడి దగ్గరికే ఎందుకు పోతుంది? చాప మీద కూర్చున్నవాడి దగ్గరికి ఎందుకు రాదు?

ఇట్లా రాస్తే ఏమంటారో నాకు తెలుసు. ‘మాస్టారు అంబేద్కర్‌ని చదివి దారి తప్పాడు, కృపనే కాదంటున్నాడు’ అంటారు. కృపను కాదనే ధైర్యం ఈ పల్లెలో పుట్టినవాడికి ఎవడికీ లేదు. దాని విలువ మనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అందుకే దాన్ని చౌక చేసినవాళ్లను అడగాల్సిన పని కూడా మనదే.

మన తాతలకు కృప అంటే ఏమిటి?

ఈ దేశంలో అంటరానివాడి మీద తరతరాలుగా ఒక లెక్క రాసిపెట్టారు. పోయిన జన్మలో పాపం చేశావు, అందుకే ఈ జన్మలో మాదిగవాడివయ్యావు, మాలవాడివయ్యావు. ఆ పాపం ఏమిటో చెప్పరు. చూసినవాడు లేడు, విచారణ లేదు, అప్పీలు లేదు. శిక్ష మాత్రం పుట్టిన దగ్గర్నుంచి చచ్చిందాకా. ఆ తర్వాత అదే శిక్ష బిడ్డలకు. చెయ్యని నేరానికి ఇంత పెద్ద శిక్ష వేసిన కోర్టు ఇంకెక్కడైనా ఉందా?

అలాంటి వాడల్లోకి ‘నీ మీద రాసిన ఆ లెక్క అబద్ధం, నువ్వు దేవుడి బిడ్డవి’ అనే మాట వచ్చింది. తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ, యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొంది ఒంగోలు చుట్టుపక్కల పల్లెపల్లెకూ ఆ మాట మోసుకుపోయాడు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి కూలి ఇప్పించాడు. ఆ తర్వాత 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బియ్యానికి మతం మారారని ఇప్పటికీ ఎగతాళి చేసేవాళ్లున్నారు. కరువు పని జరిగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపి ఉంచారన్న సంగతి వాళ్లకు అక్కర్లేదు.

ఆ చేరినవాళ్లకు మూడు షరతులు ఉండేవి. ఆదివారం పనికి పోకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్న సంగతులే. గానీ ఆదివారం పనికి రానంటే దొర ఊరుకుంటాడా? చచ్చిన గొడ్డును ఈడ్చనంటే, జాతరలో డప్పు కొట్టనంటే ఊరు ఊరుకుంటుందా? దెబ్బలు తిన్నారు, పని పోగొట్టుకున్నారు, బావి దగ్గర నీళ్లు పోగొట్టుకున్నారు. కృప ఉచితంగానే వచ్చింది, దాన్ని నిలబెట్టుకోవడానికి మాత్రం వాళ్లు ఒళ్లు హూనం చేసుకున్నారు.

చదువురాని మన తాతలకు తెలిసిన ఈ సంగతే జర్మనీలో డీట్రిచ్ బాన్‌హోఫర్ అనే పాస్టరు 1937లో పుస్తకం చేసి రాశాడు. పశ్చాత్తాపం లేకుండా, బతుకు మార్చుకోకుండా పంచిపెట్టే క్షమాపణను ఆయన చౌకబారు కృప అన్నాడు. హిట్లర్‌కు ఎదురు నిలిచి, 1945 ఏప్రిల్ 9న ఉరికంబం ఎక్కాడు. ఆయనకూ, డప్పు కొట్టనని దెబ్బలు తిన్న మన తాతకూ మధ్య దేశాలు అడ్డం ఉండొచ్చు గాని, ఇద్దరి విశ్వాసం ఒకటే.

పైవాడికి బలహీనత, కిందివాడికి పాపం

ఇప్పుడు మన సంఘాల సంగతి చూడండి. కూలిపని చేసేవాడు తాగి రోడ్డు మీద పడితే వచ్చే ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె, రసం ఆపేస్తారు. పిల్ల ఇంకో మతం కుర్రాణ్ని చేసుకుంటే తల్లిదండ్రుల్ని సంఘం ముందు నిలబెట్టి ఒప్పుకోలు చెప్పిస్తారు. సంక్రాంతికి ఇంటి ముందు ముగ్గు వేసిందని ముసలమ్మను అందరిలో మందలిస్తారు.

మరి గుడి కట్టడానికి వసూలు చేసిన డబ్బు ఏమైందని అడిగితే? ‘అన్న బలహీనతలో పడ్డాడు, మనం ప్రేమతో కప్పాలి.’ హాస్టల్ భవనం షాపుల కాంప్లెక్స్ ఎట్లా అయిందని అడిగితే? ‘దైవజనుణ్ని ప్రశ్నిస్తే శాపం తగులుతుంది.’ కిందివాడు చేస్తే పాపం, పైవాడు చేస్తే బలహీనత. కిందివాడికి సంఘశిక్ష, పైవాడికి కృప. ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? ఒకే నేరానికి కులాన్నిబట్టి శిక్ష మార్చిన శాస్త్రం ఒకటుంది. దాన్ని తగలబెట్టిన జాతి మనది. 1927 డిసెంబర్ 25న, క్రిస్మస్ రోజునే, మహద్‌లో మనుస్మృతి తగలబడింది. ఆ బూడిదను మనం గుడిలోకి తెచ్చి మళ్లీ పుస్తకం చేస్తున్నామా?

సంఘం డబ్బు ఎవరిదో కూడా చెప్పుకోవాలి. విదేశాల నుంచి వచ్చిన సొమ్ము సంగతి పక్కన పెట్టండి. మన ఆడవాళ్లు వండుకునే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి గుప్పెడు తీసి పక్కన పెడతారు. వారానికి ఆ గుప్పెళ్లన్నీ కలిపి గుడికి తెస్తారు. మిరపకోతకు పోయి తెచ్చిన కూలిలో పదో వంతు కవర్లో పెట్టి ఇస్తారు. అది తినగా మిగిలిన డబ్బు కాదు, తినకుండా మిగిల్చిన డబ్బు. దాని లెక్క చెప్పనంటే ఆ గుప్పెడు బియ్యాన్ని దొంగిలించినట్టే.

నేను బడిపంతుల్ని. మధ్యాహ్న భోజనంలో ఇవాళ ఎన్ని గుడ్లు వచ్చాయి, ఎందరు పిల్లలు తిన్నారు, ఎన్ని మిగిలాయి, పగిలినవి ఎన్ని అని రోజూ రాసి సంతకం పెడతాం. గుడ్డు తేడా వస్తే జవాబు చెప్పాలి. ఎవరూ దాన్ని అవమానం అనుకోరు. మన వాడల్లో డ్వాక్రా సంఘాల ఆడవాళ్లను చూడండి. నెలనెలా కూర్చుని పొదుపు ఎంత, అప్పు ఎంత, వడ్డీ ఎంత అని పుస్తకం తెరిచి చదువుతారు. వేలిముద్ర వేసే ఆమె కూడా తప్పు లెక్క చెబితే ఠక్కున పట్టుకుంటుంది. అదే ఆమె ఆదివారం గుడిలో లక్షల లెక్క అడగకూడదా? అడిగితే ఆత్మీయత తగ్గిపోతుందా?

మన నోరు ఎందుకు పడిపోయింది?

బాబాసాహెబ్ దీనికి జవాబు చెప్పే పోయాడు. క్రైస్తవంలోకి వెళ్లిన అంటరానివాళ్ల గురించి ఆయన రాసిన వ్యాసాలు రచనల అయిదో సంపుటంలో 1989లో అచ్చయ్యాయి. నీ దుస్థితికి కారణం చుట్టూ ఉన్న సమాజం కాదు, నీలోని పాపమే అని అదేపనిగా నేర్పితే మనిషి సమాజంతో కొట్లాడడం మానేస్తాడని ఆయన బాధ. ఆ విమర్శ మన పెద్దలకు రుచించదు. గానీ నిజమా కాదా? తన పాపం గురించే ఏడవడం నేర్చుకున్నవాడు ఎదుటివాడు చేసిన ద్రోహాన్ని ద్రోహం అనడం మర్చిపోయాడు. కూలి ఎగ్గొట్టిన రైతు దగ్గర తల వంచుకున్నాడు, గుడి డబ్బు తిన్న పెద్ద దగ్గరా తల వంచుకున్నాడు.

అందరూ పాపులే అన్నమాట వాక్యంలో ఉంది, నిజమే. అయితే అందరూ పాపులే అంటే అందరూ సమానంగా జవాబు చెప్పాలని అర్థం. ఎవరూ చెప్పనక్కర్లేదని అర్థం ఎక్కడి నుంచి తెచ్చారు?

వాక్యం ఏం చెబుతోంది?

వాక్యంతోనే మన నోళ్లు మూస్తున్నారు గనక వాక్యంలోకే పోదాం. అభిషేకించబడినవాడి మీద చెయ్యి వెయ్యకూడదని దావీదు సౌలును వదిలిపెట్టిన కథ ప్రతి సంఘంలోనూ వినిపిస్తారు. దావీదు చెయ్యి ఎత్తలేదు, నిజమే. గానీ నోరు మూసుకున్నాడా? కోసిన బట్ట చెంగు చేతిలో పట్టుకుని, సౌలు సైన్యం వింటుండగానే, నేనేం తప్పు చేశానని నన్ను తరుముతున్నావని అడిగాడు. చెంగు చూపించడం అంటే సాక్ష్యం పెట్టడం. అభిషిక్తుణ్ని చంపవద్దన్నారు గాని అడగవద్దని ఎవరన్నారు?

ఆ దావీదే రాజయ్యాక ఏం చేశాడు? ఊరియా భార్యను తెప్పించుకున్నాడు, ఊరియాను యుద్ధంలో ముందు వరసలో పెట్టించి చంపించాడు. అప్పుడు దావీదు కూడా అభిషిక్తుడే గదా! నాతాను ప్రవక్త ‘రాజుగారు బలహీనతలో పడ్డారు, కప్పేద్దాం’ అన్నాడా? పేదవాడి ఒక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ చెప్పి, ఆ మనిషివి నువ్వేనని మొహం మీదే అన్నాడు. దావీదు ఒప్పుకున్నాడు, క్షమాపణ దొరికింది. అయినా ఆ తప్పు ఫలితాన్ని ఆ ఇల్లు అనుభవించింది. క్షమాపణా నిజమే, పర్యవసానమూ నిజమే. నాతానులు లేని సంఘంలో దావీదులకు మారుమనస్సు ఎక్కడి నుంచి వస్తుంది?

జక్కయ్య కథ సండే స్కూలు పిల్లలకు కూడా వచ్చు. చెట్టెక్కిన పొట్టివాడని పిల్లలు నవ్వుతారు. చెట్టు దిగి వచ్చాక ఏమన్నాడో పెద్దలు గుర్తు చేసుకోవాలి. ఆస్తిలో సగం పేదలకు ఇస్తానన్నాడు, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నానో వాళ్లకు నాలుగు రెట్లు తిరిగి ఇస్తానన్నాడు. ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ మాట విన్న తర్వాత. మన దగ్గరైతే జక్కయ్య చేత ఉజ్జీవ సభలో కన్నీళ్లతో సాక్ష్యం చెప్పించి, శాలువా కప్పి, మళ్లీ ట్రెజరర్‌ని చేస్తారు. నాలుగు రెట్లు దేవుడెరుగు, అసలు కూడా తిరిగి రాదు.

ఇంకొక సంగతి. కొండమీద ప్రసంగంలో యేసు బలిపీఠం దగ్గర కానుక పెట్టబోయేవాడికి చెప్పింది ఏమిటి? నీ మీద నీ సోదరుడికి ఫిర్యాదు ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి అతనితో సమాధానపడమన్నాడు. దేవుడి దగ్గర క్షమాపణ తెచ్చుకుని మనిషిని దాటిపోయే అడ్డదారి లేదన్నమాట. అన్యాయం జరిగిన మనిషి ఆ దారిలోనే నిలబడి ఉంటాడు.

క్షమించమని చెప్పే హక్కు ఎవరిది?

అందుకే క్షమాపణ ఇచ్చే హక్కు దెబ్బ తిన్నవాడిది. అది సంఘపెద్దలు కూర్చుని తీర్మానం చేసేది కాదు. ఏడుస్తున్న ఆడమనిషిని పిలిపించి ‘క్షమించకపోతే నీ ప్రార్థన దేవుడు వినడు’ అని బెదిరించడం రెండో దెబ్బ.

గ్లాడిస్ స్టెయిన్స్ సంగతి మనలో చాలామందికి తెలుసు. ఒడిశాలో కుష్ఠురోగుల సేవలో ఉన్న ఆమె భర్త గ్రాహమ్ స్టెయిన్స్‌ను, ఇద్దరు చిన్న కొడుకులను 1999 జనవరిలో మనోహర్‌పూర్‌లో జీపులో సజీవ దహనం చేశారు. ఆమె హంతకులను క్షమించానంది. ఆ మాటను మన ప్రసంగీకులు వెయ్యిసార్లు చెప్పారు. దాంతోపాటు ఆమె అన్న ఇంకో మాటను మాత్రం చెప్పరు. క్షమించడం వేరు, నేరానికి రావాల్సిన ఫలితం వేరు, రెండింటినీ కలపొద్దని ఆమె స్పష్టంగా చెప్పింది. చట్టం తన పని తాను చేసింది. ప్రధాన ముద్దాయికి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె క్షమాపణకు దానివల్ల మచ్చ పడిందా?

మన చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. ఆ ఇళ్లవాళ్లు పదహారేళ్లు కోర్టు చుట్టూ తిరిగి నిలబడ్డారు గనకనే 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది, అది వేరే గాయం. పెత్తందార్లను న్యాయం అడగడానికి పదహారేళ్లు నిలబడగల జాతి, తన గుడిలో తన పెద్దను ఒక్క పూట అడగలేదా?

ఇక పిల్లల విషయం. ఇందులో ఎటువంటి రాజీకీ చోటు లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతివాడూ పోలీసులకు చెప్పాలి. చెప్పకుండా దాస్తే ఆరు నెలల దాకా జైలు. సంస్థకు పెద్దగా ఉండి, కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని దాస్తే ఏడాది దాకా జైలు. హాస్టల్లోనో, సండే స్కూల్లోనో జరిగిన ఘోరాన్ని కమిటీ గదిలో కూర్చుని డబ్బిచ్చి సర్దుబాటు చేసే పెద్దలు కృప చూపించడం లేదు, నేరం చేస్తున్నారు. తప్పు చేసినవాణ్ని ఇంకో ఊరి సంఘానికి బదిలీ చేయడం అంటే ఆ ఊరి పిల్లల్ని అప్పగించడమే.

‘శత్రువులు వాడుకుంటారు’

ఇక్కడ ఒక మాట అడ్డం వస్తుంది. ‘అసలే రోజులు బాగాలేవు. గుళ్ల మీద దాడులు, ప్రార్థనల మీద కేసులు. మన గుట్టు మనమే బయట పెడితే మతోన్మాదులు వాడుకోరా?’ ఇది కొట్టిపారేసే మాట కాదు. 2008లో కంధమాల్‌లో ఏం జరిగిందో చూశాం. వాళ్లు వాడుకుంటారు, తప్పకుండా వాడుకుంటారు.

దీనికితోడు ఇంకో భయం ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుణ్ని షెడ్యూల్డు కులాల జాబితా బయట పెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు గాని మనకు తెరవలేదు. మతం మారితే వాడలో ఇల్లు మారలేదు, బావి మారలేదు, ఊరు చూసే చూపు మారలేదు. మారింది కాగితం ఒక్కటే. అందువల్ల మనవాళ్లు ఎందరో కాగితం మీద ఒకటి, గుడిలో ఒకటి. ఈ అన్యాయం రాజ్యం చేసింది. గానీ ఈ భయాన్ని మన పెద్దలే కొరడా చేసుకున్నారు. ‘కేసు పెడితే నీ పిల్లాడి సర్టిఫికెట్ సంగతి కూడా బయటికొస్తుంది, చూసుకో’ అని నవ్వుతూనే అంటారు. మన మీద రాజ్యం వేసిన సంకెళ్లను పట్టుకుని మనల్నే కట్టేసేవాణ్ని కాపరి అంటామా?

ఒకటి ఆలోచించండి. శత్రువు చేతికి ఆయుధం ఇచ్చేది ఎవరు? తప్పు చేసినవాడా, తప్పును తప్పు అన్నవాడా? కుళ్లును మనమే కడిగితే వాళ్లకు చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. దాస్తేనే రేపు కంపు వీధినపడుతుంది. పైగా, లెక్క చెప్పే పద్ధతి నిజాయితీగల పాస్టర్లకే పెద్ద రక్ష. పల్లెల్లో సైకిలు తొక్కుకుంటూ, గుప్పెడు బియ్యం మీద బతుకుతూ, అర్ధరాత్రి చావుకీ జబ్బుకీ పరుగెత్తుకొచ్చే అయ్యగార్లు ఎందరో ఉన్నారు. పట్నంలో నలుగురు చేసిన పనికి వాళ్లందరూ మాట పడుతున్నారు.

మనం దాచుకున్న పాపం

డబ్బు పాపం, దేహ పాపం గురించి మాట్లాడాక కులపాపం గురించి మాట్లాడకపోతే అది మోసం. గుంటూరు వైపు లూథరన్ అంటే మాలపల్లె, ఒంగోలు వైపు బాప్టిస్టు అంటే మాదిగపల్లె అన్నట్టు సంఘాలే కులాలుగా చీలిపోయాయి. కతోలిక సంఘంలో రెడ్లు, కమ్మవాళ్లు ఒకపక్క, మనం ఒకపక్క. చాలాచోట్ల శ్మశానాలు కూడా వేరే. లేపబడే రోజున కూడా వరసలు వేరుగా ఉంటాయనుకున్నారేమో!

కతోలిక బిషప్పుల సమాఖ్య 2016లో దళిత సాధికారతపై విధాన పత్రం తెచ్చింది. సంఘంలో అంటరానితనం ఉందని, అది పాపమని అందులో ఒప్పుకుంది. 2022 ఆగస్టులో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు, దళితుల్లోంచి మొట్టమొదటి కార్డినల్. సంతోషించాం. అయితే ఒప్పుకోలు మొదటి మెట్టు మాత్రమే. పత్రం మీద ఒప్పుకున్న పాపం శ్మశానం గోడ దగ్గర ఆగిపోతే ఆ ఒప్పుకోలుకు విలువేముంది? మనలో మనం మాలా మాదిగా అని ఒకరి ఇంట్లో ఒకరు పిల్లనివ్వకుండా, అగ్రకులపువాణ్ని మాత్రం నిలదీస్తే వాడు నవ్వడా?

ఇవి అడుగుదాం

సంఘం ఏదైనా, శాఖ ఏదైనా, ఈ అయిదు సంగతులు ప్రతి విశ్వాసీ తన సంఘంలో లేచి నిలబడి అడగాలి.

1. ప్రతి మూడు నెలలకూ రాబడి, ఖర్చు ఆరాధనలోనే చదివి, కాగితం గుడి తలుపుకు అంటించాలి. సొసైటీగా రిజిస్టరైన సంఘమైతే ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి ఆడిట్ లెక్కలు సభ్యుల ముందు ఉంచాలి.

2. గుడి స్థలం, బడి స్థలం, శ్మశానం అమ్మాలన్నా లీజుకివ్వాలన్నా ముందు సంఘమంతటికీ చెప్పాలి.

3. పిల్లల మీద, ఆడవాళ్ల మీద జరిగిన నేరాలు కమిటీ గదిలో తేల్చకూడదు. బాధితురాలి పక్కన నిలబడి పోలీసు స్టేషన్ దాకా నడవాలి. ఆరోపణ వచ్చినవాడు విచారణ తేలేదాకా పదవిలోంచి, ప్రసంగ వేదిక మీంచి తప్పుకోవాలి. తప్పు లేదని తేలితే గౌరవంగా తిరిగి పిలవాలి.

4. కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. గుడిని గుప్పెడు బియ్యంతో నిలబెట్టినవాళ్లకు గుడి తాళం మీద హక్కుంది.

5. ఒకే బల్ల, ఒకే శ్మశానం.

ఇందులో కృపకు విరుద్ధమైంది ఏదైనా ఉంటే చూపించండి. తప్పు చేసినవాణ్ని తరిమికొట్టమని నేను అనడం లేదు. ఒప్పుకోనివ్వండి, తిన్నది తిరిగి కట్టనివ్వండి, చట్టం ముందు నిలబడనివ్వండి. ఆ తర్వాత వచ్చి మన పక్కన చాప మీద కూర్చుంటే చోటిద్దాం, కుర్చీ మాత్రం అడగొద్దు. అదీ కృప. చెయ్యని పాపానికి తరతరాలు శిక్ష అనుభవించిన జాతికి చేసిన పాపానికి జవాబు చెప్పమని అడిగే హక్కు అందరికంటే ఎక్కువ ఉంది. వచ్చే ఆదివారం కానుకల సంచి మీ ముందుకు వచ్చినప్పుడు, అందులో చెయ్యి పెట్టే ముందు లేచి ఒక్క మాట అడగండి. పోయిన ఏటి లెక్క ఏదయ్యా?